అరువు బెంగ: డెల్టా సంఘములలో 'దొరల కాలము' జ్ఞాపకముపై ఒక వేదాంత విమర్శ

పీఠిక

గోదావరి డెల్టా సంఘములలో తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది. "దొరల కాలములో ఇలా ఉండేది కాదు" అనేదే ఆ మాట. సంఘములో తగవు వచ్చినా, మిషను స్థలము చేతులు మారినా, ఆస్పత్రి మూతపడినా, బోర్డింగు బడి పెంకులు జారిపోయినా పెద్దలు ముందుగా అనేది ఇదే. శతజయంతి సంచికలలో ఇది వ్యాసమవుతుంది. స్మారక కూడికలలో ప్రసంగమవుతుంది. కాటన్ దొర జయంతినాడు దండలతోపాటు ఉపన్యాసమవుతుంది.

రావులపాలెము చుట్టుపట్ల పల్లెలలో పరిచర్య చేస్తూ మేము ఈ మాటను అనేకుల నోట విన్నాము. గమనింపదగిన సంగతి ఏమనగా, దీనిని పలికేవారిలో అత్యధికులు దొరల పాలనను చూచినవారు కారు. 1947 నాటికి బుద్ధి తెలిసిన వయస్సులో ఉన్నవారు నేడు ఎనుబది ఏండ్లు దాటినవారు. యాభైలలో ఉన్న మా తరము స్వతంత్ర భారతములో పుట్టినది. మా సంఘముల యువకులకైతే మిషనరీ అనగా గోడమీది పాత ఫోటో మాత్రమే. అయినను ఆ కాలము పోయినదన్న బెంగ అందరిలోను ఉన్నది. ఆ కాలము మనము జీవించినది కాదు, ఆ సంస్కృతి మనది కాదు. మనది కానిదానికొరకు మనము ఎందుకు బెంగపడుచున్నాము? ఆ బెంగలో సత్యమెంత, భ్రమ ఎంత? వాక్యము దానిని గూర్చి ఏమి చెప్పుచున్నది? ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచినవి ఈ ప్రశ్నలే.

1. బెంగ, అరువు బెంగ

గతము కొరకైన బెంగను పండితులు చాలా కాలముగా పరిశీలిస్తున్నారు. ఇప్పుడు ఆంగ్లములో ప్రచారములో ఉన్న 'నాస్టాల్జియా' అనే పదమును 1688లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి కల్పించాడు. ఇంటికి దూరమై చిక్కిపోతున్నవారి రోగమునకు అతడు పెట్టిన పేరు అది. అనగా మొదట అది తన ఇల్లు, తన ఊరు విడిచినవాని బాధ. మన తెలుగులో 'బెంగ' అన్నా అంతే. అత్తవారింటికి వెళ్లిన పిల్ల పుట్టింటిమీద పెట్టుకునేది బెంగ. హాస్టలులో చేరిన పిల్లవాడు అమ్మమీద పెట్టుకునేది బెంగ. తనదైనది ఉంటేనే బెంగ ఉంటుంది.

అయితే తనది కానిదానిమీద కూడా బెంగ పుట్టవచ్చునని అర్జున్ అప్పాదురై 1996లో ప్రచురించిన 'మోడర్నిటీ ఎట్ లార్జ్' అనే గ్రంథములో చూపించారు. ఫిలిప్పీన్సు ప్రజలు పాత అమెరికా పాటలను అమెరికావారికంటె శ్రద్ధగా పాడుచుండుటను ఆయన ప్రస్తావించి, తాము ఎన్నడును పోగొట్టుకొనని లోకమును గూర్చి వారు చింతిస్తున్నారని వివరించారు. దానికి ఆయన పెట్టిన పేరు జ్ఞాపకము లేని బెంగ. దీనికి ముందే, 1989లో, రెనాటో రొసాల్డో అనే మానవశాస్త్రజ్ఞుడు మరియొక సంగతి చెప్పారు. పాలకులు తాము చెడగొట్టిన జీవన విధానమును గూర్చి తామే విచారపడుట ఒక అలవాటనియు, ఆ విచారము వారి బాధ్యతను కప్పిపెట్టుననియు ఆయన వాదము. మన డెల్టాలో కనబడేది దీనికి తలక్రిందులైనది. ఇచ్చట పాలకుడు కాదు, పాలింపబడినవాని మనుమడు పాలకుని కాలమును గూర్చి నిట్టూర్చుచున్నాడు. దీనినే మేము అరువు బెంగ అంటున్నాము. అరువు తెచ్చినదానికి వడ్డీ కట్టవలసి ఉంటుంది. ఆ వడ్డీ ఏమిటో ముందు చూతము.

2. కాటన్ గారి విగ్రహము చెప్పేది, చెప్పనిది

డెల్టాలో సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) గారి విగ్రహములు అనేకము ఉన్నవి. ఆయనను భగీరథునితో పోల్చే సంస్కృత శ్లోకము కూడా ప్రచారములో ఉన్నది. ఈ కృతజ్ఞతకు కారణము లేకపోలేదు. 1830లలో ఈ ప్రాంతము కరువుతో అల్లాడినది. 1839లో కోరంగి తుఫాను తీరమును ముంచివేసినది. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట ఈ నేలను అన్నపూర్ణగా మార్చినది. బొబ్బర్లంక నుండి లొల్ల లాకుల మీదుగా కోనసీమకు పారే నీటిని త్రాగి బ్రతికిన మనము ఆ ఉపకారమును మరువరాదు. తాము త్రవ్వని బావులు, తాము నాటని తోటలు అనుభవించేటప్పుడు మరువవద్దని ద్వితీయోపదేశకాండము (6:10-12) ఇశ్రాయేలును హెచ్చరించినది. అయితే అచ్చట మరువవద్దని చెప్పబడినది బావి త్రవ్వినవాని దొరతనమును కాదు, దాసగృహము నుండి రప్పించిన యెహోవాను. కృతజ్ఞతకు, బెంగకు ఇదే భేదము.

కాటన్ గారి పేరున మనము మెచ్చుకొనే కాలమును కాటన్ గారే మెచ్చుకొనలేదు. 1854లో ప్రచురించిన 'పబ్లిక్ వర్క్స్ ఇన్ ఇండియా' అనే పుస్తకములో ఆయన కంపెనీ ప్రభుత్వము నీటి పనులను అశ్రద్ధ చేసినదని గట్టిగా విమర్శించాడు. తరువాతి సంవత్సరములలో రైళ్లకు పోసే ధనము కాలువలకు పెట్టవలెనని వాదించి అధికారులతో విరోధము తెచ్చుకున్నాడు. ఆ ప్రభుత్వము క్రిందనే 1876–78 మహాకరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షలాది జనులు చనిపోయారు. ఆనకట్టయు దొరల కాలమే, ఆ కరువును దొరల కాలమే. మన ఉపన్యాసములు మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని విడిచిపెట్టుచున్నవి.

ఆ ఆనకట్ట విద్య కూడా కేవలము సముద్రము దాటి వచ్చినది కాదు. ఇసుక నేలమీద పునాది నిలబెట్టే పద్ధతిని కావేరిమీద పూర్వులు కట్టిన కల్లణై ఆనకట్ట వద్ద నేర్చుకున్నానని కాటన్ గారే వ్రాశాడు. పనిలో ఆయన ప్రక్కన నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న గారు. రాళ్లు మోసి, ఇసుక తోడి, కాలువలు త్రవ్వినవారు వేలాది కూలీలు. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు. నీరు పొలములకు వచ్చినది. పొలములు మాల మాదిగలకు రాలేదు. పంట పెరిగిన చేలలోనే వారు పాలేర్లుగా మిగిలిపోయారు.

మరియొక సంగతి. ఈనాడు ఈ డెల్టాకు నీరిచ్చేది 1852 నాటి ఆనకట్ట కాదు. దాని స్థానములో స్వతంత్ర భారతములో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజి. దానిని కట్టినవారు మన ఇంజనీర్లు, మన కూలీలు. దానికి కాటన్ గారి పేరు పెట్టుకొనుట మన మర్యాద. అయితే ఆ పేరును చూచి, మన కాలములో ఏమియు జరుగలేదని అనుకొనుట అజ్ఞానము. అరువు బెంగకు మొదటి వడ్డీ ఇదే. అది మన చేతిపనిని మన కంటికి కనబడకుండ చేయును.

3. మిషను చరిత్రలలో దొర, దొర వెనుక మనిషి

1836లో ఆంథొని నారిస్ గ్రోవ్స్ గారు ఇంగ్లండులోని డెవన్ ప్రాంతము నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులను తెలుగు తీరమునకు తీసుకొనివచ్చారు. నరసాపురము, పాలకొల్లు కేంద్రములుగా గోదావరి డెల్టా మిషను అట్లు మొదలైనది. ఆ నూరేండ్ల చరిత్రను ఇ. బి. బ్రామ్లీ గారు 1937లో గ్రంథస్థము చేశారు. దేవునియొద్ద నుండి పంపబడిన మనుష్యులు అని దాని పేరునకు అర్థము. మన స్మారక సంచికలు అనేకము ఆ నమూనాలోనే ఉన్నవి. మొదట ఓడ, తరువాత బంగళా, తరువాత బడి, ఆస్పత్రి, చివర సమాధి. దొర రాకతో కథ మొదలగును, దొర పోకతో ముగియును. పంపబడినవారి చరిత్రగా అది న్యాయమే. అయితే మనము దానిని సంఘ చరిత్రగా చదువుచున్నాము. అచ్చటనే చిక్కు.

మొదట, వారు దొరలు కారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వారి దేశములో వారిని ఎవరును దొరా అని పిలిచి ఉండరు. చెప్పులు కుట్టే వృత్తిని మన ఊరు ఎక్కడ ఉంచినదో చదువరులకు చెప్పనక్కరలేదు. ఓడ దిగగానే ఆ చర్మకారుడు దొర అయ్యాడు. అదే పని చేసే మన మాదిగ మాత్రము పేటలోనే ఉండిపోయాడు. ఆయనను దొరను చేసినది సువార్త కాదు, చర్మపు రంగు, రాజ్యపు నీడ. మనము బెంగపడేది ఆయన తెచ్చిన సువార్త కొరకా, ఆయనమీద పడిన ఆ నీడ కొరకా? ప్రతి స్మారక కూడికలోను ఈ ప్రశ్న వేసుకొనవలెను.

రెండవది, దొర వెనుక నిలిచిన తెలుగువారు. కాకినాడలో బాప్తిస్టు పరిచర్యను మొదలుపెట్టినది కెనడావారు కాదు, థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. తంతి శాఖలో ఉన్న ఉద్యోగమును విడిచి, అప్పులపాలై, ఆయన ఆ పనిని నడిపాడు. తాను మోయలేని స్థితిలో ఆయనే కెనడా బాప్తిస్టులను పిలిచాడు. 1874లో జాన్ మెక్లారిన్ గారు వచ్చారు. 1875 మొదటి దినమున గాబ్రియేలు గారు ప్రభునందు నిద్రించారు. మన విశ్వాసులలో ఎందరికి ఈ పేరు తెలియును? ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ప్రసంగములలో వినబడును. క్లౌ దొర పేరు వినబడును. దానికి 12 ఏండ్ల ముందు, 1866లో, బాప్తిస్మము పొంది ఊరూరా తిరిగి ఆ దారి వేసిన మాదిగ విశ్వాసి యెర్రగుంట్ల పేరయ్య గారి పేరు అంతగా వినబడదు. ఇక పేటపేటకు నడిచి అక్షరములు నేర్పిన బైబిలు స్త్రీల పేర్లు రిజిస్టర్లలో తప్ప ఎక్కడను లేవు.

మిషనరీలే ఈ చరిత్రను ఇట్లు కోరుకున్నారని అనుకొనరాదు. స్థానిక విశ్వాసులు పరదేశుల అనుమతి కొరకు కనిపెట్టక స్వయముగా కూడుకొనవలెనని గ్రోవ్స్ గారి అభిప్రాయము. వి. యస్. అజరయ్య గారు 1910లో ఎడింబరో మహాసభలో నిలబడి, త్యాగమును మెచ్చుకొంటూనే, మాకు యజమానులు కాదు స్నేహితులు కావలెనన్న భావమును నిర్భయముగా తెలియజేశారు. రెండేండ్లకు, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యారు. దొరల కాలములోనే, దొరల ఎదుటనే పలికిన మాట అది. నేటి మన బెంగ ఆ మాటను వెనుకకు తీసుకొనుచున్నది.

4. ఆరాధనలో అరువు

ఈ బెంగ మన ఆరాధనలోను కనబడును. కోనసీమలో ఎన్నడును మంచు కురియలేదు. అయినను మన క్రిస్మస్ చెట్టుమీద దూదితో మంచు కురియును. తెల్ల గౌను, ముసుగు లేని పెండ్లి పెండ్లి కాదనుకొనే సంఘములు ఉన్నవి. వీటిలో పాపము ఉన్నదని మా వాదము కాదు. అలంకారము అలంకారమే. అయితే ఇవే అసలైన క్రైస్తవ సంప్రదాయమనియు, ఇప్పటివారు వాటిని చెడగొట్టుచున్నారనియు అన్నప్పుడు విమర్శ అవసరము.

మన పాత సంప్రదాయము నిజముగా ఏమిటో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడవలెను. కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉండును. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) కాటన్ గారు పుట్టిన సంవత్సరములోనే పుట్టారు. ఒకరు నదికి కట్ట వేస్తే, మరియొకరు తెలుగు సంఘము నోటికి పాట ఇచ్చారు. మొదటివారికి ఊరూరా విగ్రహమున్నది. రెండవవారి పాటలు ప్రతి సమాధి కార్యక్రమములో, ప్రతి బల్ల ఆరాధనలో పాడుచున్నాము. వ్రాసినవారెవరో మన పిల్లలకు చెప్పుట లేదు. ఇంగ్లీషు వరుసల పాటలు ఆ పుస్తకములో ఉన్నవి, ఉండదగినవే. అయితే హార్మోనియముమీద విక్టోరియా కాలపు వరుస మ్రోగితేనే పాత భక్తి వచ్చినదనుకొనుట చరిత్ర ఎరుగని మాట. అజరయ్య గారి నాయకత్వమున కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయము ఈ నేల శిల్పములను కలుపుకొని నిలిచినది. కూచిగా పైకి లేచిన గోపురము ఉంటేనే గుడి అని ఆ తరము అనుకొనలేదు.

ఇటీవలి సంవత్సరములలో కొన్ని స్వతంత్ర సంఘములలో మరియొక అరువు మొదలైనది. పొట్టేలుకొమ్ము బూర ఊదుట, యూదుల ప్రార్థన శాలువ కప్పుకొనుట, ఏడు కొమ్మల దీపస్తంభమును బల్లమీద నిలుపుట. దొరల బెంగను పరిహసించే యువ బోధకులే దీనిలో ముందున్నారు. ఒక బంగళా విడిచి మరియొక గుడారములో చేరినట్లున్నది. రెండును మనవి కాని కాలములే. అన్యజనులు యూదులు కానక్కరలేదని యెరూషలేము సభ (అపొ. కా. 15) తేల్చిన సంగతిని ఈ సోదరులు మరల చదువవలెను. తెలుగువాడు ఇంగ్లీషువాడు కానక్కరలేదు, యూదుడు కానక్కరలేదు. తెలుగువాడుగా ఉండి క్రీస్తు శరీరమందు అవయవము కావచ్చును.

5. ఈ బెంగలోని సత్యము

ఇంతవరకు చెప్పినది ఒక ప్రక్క. రెండవ ప్రక్క చెప్పకపోతే విమర్శ అన్యాయమగును. దొరల కాలమును తలచే ముసలి విశ్వాసిని నగర పండితుడు తేలికగా బానిస మనస్తత్వమని కొట్టివేయును. మేము ఆ మాట అనము. ఆ ముసలివాని తాత బడి బయట నిలబడినవాడు. మిషను బడిలో మొదటిసారి బల్లమీద కూర్చున్నాడు. మిషను ఆస్పత్రిలో మొదటిసారి వైద్యుని చేయి అతని నాడిని ముట్టినది. అతనికి పేరు పెట్టి పిలిచినవాడు మొదట దొరయే. ఈ జ్ఞాపకము అబద్ధము కాదు.

రాజమండ్రివాడైన కుసుమ ధర్మన్న గారిని ఇక్కడ తలచవలెను. గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరతనము వద్దని పాడిన 1920ల తొలి కాలములోనే ధర్మన్న గారు నల్లదొరతనమును కూడా వద్దన్నారు. అంటరానివారికి దొరతనము రెండు రంగులలో ఉన్నదని ఆయన చూపించారు. తెల్లదొర పోవుటతోనే తన భారము దిగదని ఎరిగినవాడు తెల్లదొర కాలమును గూర్చి కొంత మెత్తగా మాట్లాడుటలో ఆశ్చర్యము లేదు.

స్వాతంత్ర్యము తరువాత జరిగినది ఆ అనుమానమును బలపరచినది. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేశారు. క్రైస్తవ దళితులు మాత్రము బయటనే ఉన్నారు. పేట మారలేదు, పని మారలేదు, అవమానము మారలేదు. కాగితముమీద మాత్రము మారిపోయారు. రావులపాలెము ఉన్న జిల్లాకే డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ గారి పేరు చేర్చుట ఇష్టములేక 2022 మే 24న అమలాపురములో ఇండ్లు తగులబెట్టిన సంగతి మన కండ్ల ముందటిది. వర్తమానము చోటు ఇవ్వనప్పుడు మనిషి గతములో చోటు వెదకును. అది తనది కాని గతమైనా సరే.

కాబట్టి ఈ బెంగ అడుగున ఉన్నది దొర కాదు, గౌరవము. మనిషిగా ఎంచబడవలెనన్న ఆకలి. కాపరి ఆ ఆకలిని పరిహసించరాదు. అయితే దాని దారి తప్పును చూపవలెను. గౌరవము దొర చేతి బహుమానమని నమ్మినవాడు దొర పోగానే అది పోయినదని నమ్మును. ఆ కాలపు సంఘములలోను మాల, మాదిగ వేర్పాటు పోలేదు. బల్లమీద కూర్చుండబెట్టిన దొరతనమే భూమిని మాత్రము భూస్వామి చేతనే ఉంచినది. మన గౌరవమునకు మూలము ఆదికాండము మొదటి అధ్యాయములో ఉన్నది, మిషను బంగళాలో లేదు. బీరు, బౌడెను దానిని ప్రకటించారు, కలుగజేయలేదు.

6. కాదేషు వద్ద రెండు సణుగులు

ప్రసంగి 7:10 పాత దినములు మంచివని ప్రశ్నించుట జ్ఞానము కాదని చెప్పుచున్నది. దీనిని మనము ఎరుగుదుము. అయితే మన విషయమునకు మరింత దగ్గరగా వచ్చేది సంఖ్యాకాండము.

పదకొండవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఐగుప్తు చేపలను, కీరకాయలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలచి ఏడ్చారు. వెట్టిని మరచి వంటను గుర్తుంచుకున్నారు. అయినను అది వారి జ్ఞాపకమే, వారి నాలుక రుచి చూచినదే. ఇరువదవ అధ్యాయములో మరియొక సణుగు ఉన్నది. అది కాదేషులో, మిర్యాము చనిపోయిన తరువాత జరిగినది. అహరోను మరణము నలుబదియవ సంవత్సరములో జరిగినదని 33:38 చెప్పుచున్నది గనుక ఇదియు ఆ కాలమునకు చెందినదే. ఐగుప్తు విడిచినప్పుడు ఇరువది ఏండ్లు దాటినవారు అప్పటికి దాదాపు రాలిపోయారు (14:29). మాట్లాడుచున్నవారిలో కొందరు పసితనములో ఐగుప్తును చూచినవారు, అనేకులు అరణ్యములో పుట్టినవారు. అయినను మమ్మును ఐగుప్తులోనుండి ఎందుకు రప్పించితిరని అడిగారు. తాము ఉండని ఐగుప్తును గూర్చిన బెంగ ఇది. తండ్రుల సణుగును పిల్లలు అరువు తెచ్చుకున్నారు.

వారు లేవని ఏడ్చిన వస్తువులను గమనింపవలెను. 20:5లో చేపలు లేవు, ఉల్లి లేదు. గింజలు, అంజూరలు, ద్రాక్షలు, దానిమ్మలు ఉన్నవి. ఈ చివరి మూడింటిని మనము ముందే ఒకచోట చూచితిమి. 13:23లో వేగులవారు ఎష్కోలు లోయనుండి మోసికొని వచ్చినవి ద్రాక్షలు, దానిమ్మలు, అంజూరలు. వాటిని ప్రజలకు చూపినది ఎక్కడ? 13:26 ప్రకారము కాదేషులో. అదే పేరుగల చోట, ఒక తరము తరువాత, పిల్లలు ఆ పండ్ల కొరకే ఏడ్చుచు ముఖము ఐగుప్తువైపు త్రిప్పారు. వారు కోరినది కనానులో ఉన్నది, వారు చూచినది వెనుకకు. ఆకలి సరియైనదే, దిక్కు తప్పినది.

మన దొరల బెంగకు ఇంతకంటె సరియైన అద్దము లేదు. న్యాయము, చదువు, వైద్యము, శుభ్రమైన సంఘ పరిపాలన, మనిషికి మర్యాద, ఇవి మనము ఏడ్చే పండ్లు. ఇవి దేవుని రాజ్యపు పండ్లు. వేగులవారివలె మిషనరీలు వాటి గెలను ఒకటి మోసికొని వచ్చి చూపించారు. గెల చూపినవారికి కృతజ్ఞులమై ఉందుము. అయితే తోట వారి వెనుక లేదు, మన ముందు ఉన్నది.

వృద్ధుల కన్నీటికి వాక్యములో చోటున్నది. మొదటి మందిరమును చూచిన ముసలివారు రెండవ మందిరపు పునాది వద్ద ఏడ్చారు (ఎజ్రా 3:12). అది వారి మందిరము, వారి బెంగ. వారిని ఎవరును గద్దింపలేదు. అయినను హగ్గయి వారిని ఆ కన్నీటిలోనే ఉండనియ్యక పని చేయుడని లేవనెత్తాడు (2:3-4). చూచినవాని బెంగనే ప్రవక్త పనివైపు త్రిప్పితే, చూడనివాని బెంగకు సెలవు ఎక్కడిది?

7. సేవకులు చేయదగినవి

మొదటిది, ప్రతి సంఘము తన చరిత్రను మరల వ్రాసుకొనవలెను. బాప్తిస్మపు రిజిస్టర్లు, కమిటీ మినిట్సు పుస్తకములు, సమాధి రాళ్లు చెదలు తినకముందే చదువవలెను. మొదట నమ్మిన కుటుంబములు, పాకలో కూడిక జరిపించినవారు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు, వారి పేర్లు వ్రాయవలెను. వేదాంత విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసమునకు అంశము దొరకలేదని చెప్పుచుందురు. రావులపాలెము నుండి అంతర్వేది వరకు ప్రతి పేటలోను ఒక అంశము ఉన్నది.

రెండవది, ప్రసంగములలోని ఉదాహరణలను పరీక్షించుకొనవలెను. ఏడాదిలో మనము చెప్పిన విశ్వాస వీరుల కథలలో తెలుగువారు ఎందరో లెక్కించినయెడల మన బెంగ కొలత తెలియును. పిల్లల మనస్సులో పరిశుద్ధతకు ఒకే రంగు ముద్రపడనీయరాదు.

మూడవది, మన అశ్రద్ధకు దొరల నిష్క్రమణమును సాకుగా చెప్పరాదు. మిషను ఆస్తి అన్యాక్రాంతమైతే సంతకము పెట్టినవారు దొరలు కారు, మనమే. లెక్కలు చూపని కమిటీలు, కులము చూచి జరిగే ఎన్నికలు మనవే. దొరలుంటే బాగుండేదని అనుట కంటె, లెక్కల పుస్తకము సంఘము ముందు తెరచుట కష్టము. ఆ కష్టమును తప్పించుకొనుటకు అరువు బెంగ మంచి సాధనము. దీనినే మేము దాని అతి పెద్ద వడ్డీ అని తలంచుచున్నాము.

నాలుగవది, 1950 ఉత్తర్వు వంటి అన్యాయముమీద సంఘము నేటి పౌరులుగా మాట్లాడవలెను. గతకాలపు దొరను తలచుకొని మౌనముగా నిట్టూర్చుట విన్నపము కాదు.

ముగింపు

హెబ్రీ పత్రికను వ్రాసినవాడు పితరులను గూర్చి, తాము విడిచిన దేశమును తలచుకొని ఉండినయెడల మరలి వెళ్లుటకు వారికి వీలు కలిగియుండునని, వారు మరి శ్రేష్ఠమైన దేశమును కోరిరని తెలుపుచున్నాడు (11:15-16). మనకు మరలి వెళ్లుటకు వీలు కూడా లేదు, ఏలయనగా మనము ఆ దేశమునుండి రాలేదు. అదే పత్రిక దేవుని వాక్యము బోధించిన నాయకులను జ్ఞాపకము చేసికొని వారి విశ్వాసమును అనుసరింపుమని 13:7లో చెప్పుచున్నది. వారి బంగళాను, వారి వేషమును, వారి కాలమును అనుసరింపుమని చెప్పలేదు. రాతిపనివాడు, చెప్పులు కుట్టేవాడు తమ ఊరు విడిచి, ఎరుగని భాష నేర్చుకొని, ఎరుగని మనుష్యులయొద్దకు వచ్చారు. గాబ్రియేలు ఉద్యోగము విడిచాడు. పేరయ్య కాలినడకన తిరిగాడు. వీరిలో ఎవరును వెనుకటి కాలము కొరకు బెంగపెట్టుకొని పని చేయలేదు. వారిని గౌరవించుట అనగా వారు చూచిన దిక్కునకు చూచుట.